"మనమంతా ఒక ఫ్యామిలీ" అన్నారట

జేమ్స్ బాండ్ సినిమా మొదట్లో ఒక తెల్లటి గుండ్రం వస్తుంది. అందులో ఒకాయన అలా నడుచుకుంటూ వచ్చి, టక్కున మనవైపు తిరిగి పిస్తోలు పేలుస్తాడు. తెరంతా ఎర్రగా కారుతుంది. గుర్తుంది కదా? మొదటి మూడు సినిమాల్లో ఆ నడిచొచ్చినాయన షాన్ కానరీ కాదు. బాబ్ సిమన్స్ అనే ఫైట్ మాస్టర్. 1962లో 'డాక్టర్ నో', 1963లో 'ఫ్రమ్ రష్యా విత్ లవ్', 1964లో 'గోల్డ్‌ఫింగర్', మూడింటికీ ఆయన నడకే. 1965లో 'థండర్‌బాల్' వెడల్పు తెరకి తీయాల్సి వచ్చి, అప్పుడు కానరీ చేత మళ్ళీ నడిపించారు. అంటే లోకమంతా "ఇదిగో బాండ్" అని మొట్టమొదట చూసిన మనిషి అసలు బాండే కాదన్నమాట.

అదే 'డాక్టర్ నో'లో హీరోయిన్ ఉర్సులా ఆండ్రెస్ సముద్రంలోంచి నడిచొచ్చే సీను ఉంది. బాండ్ సినిమా ఒక్కటీ చూడనివాళ్ళు కూడా ఆ ఫోటో చూసే ఉంటారు. ఆవిడ మాట్లాడితే వినిపించే గొంతు ఆవిడది కాదు. నికీ వాన్ డెర్ జిల్ అనే డబ్బింగ్ ఆర్టిస్టుది. పాడితే వినిపించేది మూడో ఆవిడది, డయానా కూప్లాండ్ అని. ఒక్క హీరోయిన్ తయారవడానికి ముగ్గురు ఆడవాళ్ళు కావాల్సివచ్చింది, పోస్టరు మీద మాత్రం ఒక్కరే. నికీ ఆ సినిమాలో ఇంకొందరు ఆడవాళ్ళకీ గొంతిచ్చింది. తర్వాత 'గోల్డ్‌ఫింగర్'లో షర్లీ ఈటన్‌కి, 'థండర్‌బాల్'లో క్లాడిన్ ఓజేకి కూడా ఆవిడే మాట్లాడింది. టైటిల్స్‌లో వెతికితే ఆవిడ పేరు ఉండదు.

ఇంటి కబుర్లు రాసుకునే నేను ఈసారి బాండ్‌ని పట్టుకుని ఎందుకు కూర్చున్నానంటే, కారణం మా పెద్దమ్మాయి.

దానికి చిన్నప్పట్నుంచీ చెవి చురుకు. కుక్కర్ మూడో విజిల్‌లో తేడా వస్తే నాకంటే ముందు అదే చెబుతుంది, "అమ్మా, గాస్కెట్ పోయినట్టుంది" అని. డిగ్రీ అయ్యాక సౌండ్ ఎడిటింగ్ నేర్చుకుంది. మొన్న హైదరాబాద్‌లో ఒక డబ్బింగ్ స్టూడియో వాళ్ళు పిలిచారు. హిందీలో తీసిన ఒక పెద్ద బడ్జెట్ గూఢచారి సినిమాని తెలుగులోకి చేస్తున్నారట, మనిషి కావాలట. వెళ్ళొచ్చింది. మొహం వెలిగిపోతోంది. జీతం ఎంతన్నారే అంటే, "అవన్నీ ఇప్పుడే ఏం మాట్లాడుకుంటాం తల్లీ, ఇక్కడ మనమంతా ఒక ఫ్యామిలీ అన్నారమ్మా" అంది. మరి టైటిల్స్‌లో పేరు? "అది తర్వాత చూద్దామన్నారు."

మావారు "పాపం, మంచి మనుషుల్లా ఉన్నారే" అన్నారు. నాకు మాత్రం గుండెలో రాయి పడింది.

ఎందుకంటే కుటుంబం అంటే ఏమిటో నాకు తెలుసు. ఇరవై నాలుగేళ్ళుగా నా ఉద్యోగం అదే. కుటుంబంలో పనికి లెక్క ఉండదు. ఎవరు ఎన్నింటికి లేచారు, ఎవరు ఆఖర్న తిన్నారు, జ్వరం వచ్చిన రోజు కూడా వంటింట్లో ఎవరున్నారు, ఇవేవీ ఏ పుస్తకంలోనూ రాసి ఉండవు. రాసుకోము కూడా, రాసుకుంటే అది కుటుంబం కాదు. పిల్లాడికి ఒళ్ళు కాలిపోతుంటే రాత్రంతా తడిగుడ్డ వేసి కూర్చున్నందుకు నాకెవరైనా ఓవర్‌టైమ్ ఇస్తానంటే కొడతాను. కానీ ఆ లెక్కలేనితనం ఇంట్లో చెల్లడానికి ఒక కారణం ఉంది. రేపు నాకు ఒంట్లో బాగోకపోతే ఈ ఇల్లే నన్ను చూస్తుంది, ఈ ఇంట్లో నాకూ వాటా ఉంది. స్టూడియోలో మా అమ్మాయికి ఏ వాటా ఉందని? సినిమా ఆడితే డబ్బు వాళ్ళకి, ఆడకపోతే "ఈ నెల కాస్త సర్దుకో తల్లీ" అనేది దానికి. కష్టం వచ్చినప్పుడు మాత్రమే కుటుంబం, లాభం వచ్చినప్పుడు కంపెనీ.

అలాగని సినిమావాళ్ళు కుటుంబం అంటే అంతా మోసమే అననూ లేను. బాండ్ సినిమాలే చూడండి. అవి నిజంగానే ఒక కుటుంబం తీసినవి. ఆల్బర్ట్ బ్రోకలీ అని, అందరూ 'కబీ' అనేవారు, ఆయనా హ్యారీ సాల్ట్‌జ్‌మన్ అనే ఇంకో నిర్మాతా కలిసి మొదలుపెట్టారు. (అవును, కూరగాయ బ్రోకలీయే. ఆ కూర అమెరికాకి తెచ్చింది మా వంశమేనని వాళ్ళు చెప్పుకుంటారు. మా ఇంట్లో దాన్ని తినేది నేనొక్కదాన్నే, వేరే సంగతి.) హీరోగా ఎవర్ని పెట్టుకోవాలా అని వెతుకుతున్నప్పుడు కబీ తన భార్య డానాకి డిస్నీ వాళ్ళ పాత సినిమా ఒకటి చూపించి, ఇందులో ఈ స్కాట్లాండ్ కుర్రాడు ఎలా ఉన్నాడు, ఆడవాళ్ళకి నచ్చుతాడా అని అడిగాడు. నచ్చుతాడంది. అతనే షాన్ కానరీ. డానా కూడా నటే, రచయిత్రే, ఊరికే పక్కన కూర్చున్న మనిషి కాదు. ఆవిడ మొదటి పెళ్ళి కొడుకు మైఖేల్ విల్సన్, కబీకీ ఆవిడకీ పుట్టిన కూతురు బార్బరా, ఈ ఇద్దరూ 1995లో వచ్చిన 'గోల్డెన్ ఐ' నుంచి 2021లో వచ్చిన 'నో టైమ్ టు డై' దాకా నిర్మాతలు. మొత్తం ఇరవై ఐదు సినిమాలు, అరవై ఏళ్ళు, ఒకే ఇంటి చేతిలో.

ఆ కబీ గురించి ఒక కథ ఉంది, వంట చేసేవాళ్ళు ఎవరికైనా నచ్చి తీరుతుంది. 1976లో 'ది స్పై హూ లవ్డ్ మీ' షూటింగ్‌కి యూనిట్ అంతా ఈజిప్టు వెళ్ళింది. ఎడారి ఎండ. తెప్పించిన తిండి పాడైపోయింది. ఆకలితో ఉన్న యూనిట్ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు, పెళ్ళిలో రెండో బంతి ఆలస్యమైతేనే మగపెళ్ళివారి మొహాలు చూశాం కదా. అప్పుడు ఆ నిర్మాత, అంత పెద్దాయన, పెద్ద పెద్ద గిన్నెలు తెప్పించి తానే నిలబడి అందరికీ స్పగెట్టీ వండాడు. ఎవరో అక్కడ సరదాగా 'ట్రాటోరియా బ్రోకలీ' అని బోర్డు కూడా పెట్టారు, అంటే బ్రోకలీ వారి భోజనశాల అని. గంటె పట్టుకుని హీరోకీ లైట్‌మన్‌కీ ఒకేలా వడ్డించిన యజమాని మాటకి యూనిట్ కొండెక్కమన్నా ఎక్కుతుంది.

ఎక్కింది కూడా. అదే సినిమా మొదట్లో బాండ్ మంచు కొండ మీంచి స్కీయింగ్ చేసుకుంటూ వచ్చి అంచు దాటి లోయలోకి దూకేస్తాడు, కాసేపు చప్పుడే ఉండదు, తర్వాత బ్రిటిష్ జెండా రంగుల పారాచూట్ తెరుచుకుంటుంది. ఆ దూకింది రోజర్ మూర్ కాదు, రిక్ సిల్వెస్టర్. కెనడాలో ధ్రువానికి దగ్గర్లో బాఫిన్ ద్వీపంలో అస్గార్డ్ అనే కొండ. వాతావరణం కుదిరేదాకా రోజుల తరబడి కాపు కాశారు. తీరా దూకితే, పెట్టిన కెమెరాల్లో సరిగ్గా పట్టుకున్నది ఒక్కటే. ఆ ఒక్క కెమెరామన్ కన్ను చెదిరి ఉంటే ఆ మనిషి ప్రాణానికి తెగించింది వృథా. మా చిన్నాడు ఆ సీను ఎన్నిసార్లు వెనక్కి తిప్పి చూశాడో. వదిలేసిన స్కీ ఒకటి పారాచూట్‌కి తగులుతుంది, వాడే చూపించాడు. అది అందులో చిక్కుకుని ఉంటే!

అందరికీ అంత అదృష్టం ఉండదు. 1967లో వచ్చిన 'యు ఓన్లీ లివ్ ట్వైస్'కి జపాన్‌లో గాల్లో షూటింగ్ చేస్తూ జాన్ జోర్డన్ అనే కెమెరామన్ పాదం పోగొట్టుకున్నాడు. హెలికాప్టర్లు తగులుకున్నాయి. ఆ మనిషి తర్వాత కూడా హెలికాప్టర్ కింద వేలాడుతూ బాండ్ సినిమాకి పని చేశాడు, 1969లో వేరే సినిమా తీస్తూ విమానంలోంచి పడి చనిపోయాడు. మన ఉదయ్‌పూర్‌లో తీసిన 'ఆక్టోపస్సీ' గుర్తుందా? మా అత్తగారు అందులో విజయ్ అమృతరాజ్‌ని చూసి "ఇతను మన మద్రాసు టెన్నిస్ అబ్బాయి కదుటే" అని ఆశ్చర్యపోయారు. ఆ సినిమాలో రైలు మీద ఫైటు ఇంగ్లండులో తీశారు. రోజర్ మూర్‌కి డూప్‌గా చేసిన మార్టిన్ గ్రేస్ వెళ్తున్న రైలు పక్కన వేలాడుతూ గోడకి గుద్దుకుని, తుంటి ఎముక విరిగి నెలల తరబడి ఆస్పత్రిలో ఉన్నాడు. 

సరే, వీళ్ళు ఒళ్ళు పణంగా పెట్టినవాళ్ళు. నికీ పెట్టింది గొంతు. అంత ఆప్యాయంగా స్పగెట్టీ వండి పెట్టిన ఇల్లే ఆవిడ పేరు మాత్రం తెరమీద వేయలేదు. నన్ను పట్టి ఆపేది ఈ రెండూ ఒకే ఇంట్లో జరగడం. వాళ్ళు చెడ్డవాళ్ళు కావడం వల్ల కాదు. అప్పట్లో అదే రివాజు. టైటిల్స్ రెండు మూడు నిమిషాల్లో అయిపోయేవి, డబ్బింగ్ అనేది గుట్టుగా ఉంచాల్సిన పని. మగాళ్ళకీ అంతే. 'గోల్డ్‌ఫింగర్'లో విలన్ గెర్ట్ ఫ్రోబ్‌కి ఇంగ్లీషు సరిగ్గా రాకపోతే మైఖేల్ కాలిన్స్ అనే నటుడు గొంతిచ్చాడు. బంగారం బంగారం అని కలవరించే ఆ విలన్ని అందరం గుర్తుపెట్టుకున్నాం, ఆ గొంతు ఎవరిదో ఎందరికి తెలుసు?

పేరు వద్దనుకునేవాళ్ళూ ఉంటారు, నిజమే. 'ది స్పై హూ లవ్డ్ మీ' కోసం కళాదర్శకుడు కెన్ ఆడమ్ ఓడలు మింగే ఓడ సెట్టు వేశాడు. ఆయన మామూలు మనిషి కాదు లెండి. అంతకుముందు 'యు ఓన్లీ లివ్ ట్వైస్'కి ఆయన వేసిన అగ్నిపర్వతం సెట్టు ఒక్కదానికే పది లక్షల డాలర్ల దాకా అయింది, 'డాక్టర్ నో' సినిమా మొత్తానికి అయినంత! ఈ ఓడ సెట్టు ఎంత పెద్దదంటే దానికి లైటింగ్ ఎలా పెట్టాలో తేలక తన స్నేహితుడు స్టాన్లీ కూబ్రిక్‌ని పిలిచాడు. ఆయన ఎవరికీ చెప్పనంటేనే వస్తానని, ఒక ఆదివారం ఎవరూ లేనప్పుడు వచ్చి సలహాలిచ్చి వెళ్ళాడు. పేరు లేదు, అక్కర్లేదు. ఎందుకు అక్కర్లేదంటే ఆయన అప్పటికే కూబ్రిక్. పేరున్న మనిషి పేరు వద్దనడం పెద్దమనసు. పేరే లేని పిల్లని "పేరెందుకులే" అనడం వేరు. ఆ తేడా మావారికి అర్థమయ్యేలా చెప్పడానికి నాకు రెండు కాఫీలు పట్టింది.

"మన దగ్గర నయమే కదా" అని మా అత్తగారు. ఆవిడకి గూఢచారి అంటే కృష్ణే, 1966 నాటి 'గూఢచారి 116', ఆంధ్రా జేమ్స్ బాండ్. కానీ ఆవిడన్నది కొట్టిపారేసే మాట కాదు. తెలుగులో డబ్బింగ్ ఆర్టిస్టులకి విడిగా నంది అవార్డు ఉండేది. సౌందర్యకి సరిత గొంతని, 'ఏ మాయ చేసావే'లో సమంతకి చిన్మయి గొంతని మన ఇళ్ళల్లో పిల్లలకి కూడా తెలుసు. బాండ్ హీరోయిన్ల గొంతుకి అక్కడ దొరకని గుర్తింపు ఇక్కడ కొందరికైనా దొరికింది. అయితే అది గొంతుకి. ఆ గొంతుని పెదవికి అతికించే పిల్ల సంగతేమిటి? పాత్ర 'ప' అన్నప్పుడు పెదాలు కలవకపోతే మనం "ఛీ, డబ్బింగ్ బాలేదు" అంటాం. బాగుంటే ఏమీ అనం. బాగా చేసిన రోజున ఎవరికీ కనిపించదు, చెడిన రోజునే కనిపిస్తుంది. ఇలాంటి పని ఇంకొకటి కూడా నాకు తెలుసు, రోజూ చేస్తూనే ఉన్నాను, సాంబారులో ఉప్పు ఎక్కువైన రోజే దాని గురించి మాట్లాడతారు.

పైగా ఇప్పుడు ఇంట్లో టీవీలో సినిమా చూస్తే, ఆఖర్న పేర్లు మొదలవగానే అవి మూలకి చిన్నగా కుంచించుకుపోయి, ఇంకో సినిమా ముందుకు తోసుకొస్తుంది. అంతమంది చేసిన పనికి అయిదు సెకన్లు. మా ఇంట్లో రిమోట్ నా చేతిలో ఉన్నప్పుడు పేర్లు పూర్తయ్యేదాకా కదలనివ్వను. పిల్లలు విసుక్కుంటారు. విసుక్కోనీ.

మా వదినగారు, అంటే మావారి అక్కయ్య, ఫోన్‌లో గట్టిగానే అన్నారు. "నువ్వు మరీనమ్మా. మొదటి పనికే డబ్బూ, కాగితం, పేరూ అని కూర్చుంటే ఆడపిల్లని ఎవడు పిలుస్తాడు? వీళ్ళు కాకపోతే వందమంది క్యూలో ఉంటారు. ముందు నేర్చుకోనీ." ఆవిడ మాటలో నిజం ఉంది. వందమంది క్యూలో ఉన్న మాట నిజం, పని చేస్తూ నేర్చుకునేది బళ్ళో దొరకదన్న మాటా నిజం. మూడు నెలలు నేర్చుకోవడానికి వెళ్ళనీ, బస్సు ఛార్జీలిస్తే చాలు, నాకే అభ్యంతరమూ లేదు. కానీ అది మూడు నెలలని ముందే చెప్పాలి కదా. గడువు చెప్పకపోతే అది నేర్పడం కాదు, ఉంచేసుకోవడం. వందమంది క్యూలో ఉన్నారు గనక ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదంటే, ఆ క్యూ ఎప్పటికీ తరగదు.

అసలు సినిమా లోకంలోనే ఈ పట్టింపు మెల్లమెల్లగా వస్తోంది. నటుల్ని ఎంపిక చేసేవాళ్ళకి ఆస్కార్ వాళ్ళు విడిగా అవార్డు పెట్టారు. స్టంట్ డిజైన్‌కి కూడా ఇస్తామని 2025 ఏప్రిల్‌లో ప్రకటించారు, 2027లో విడుదలయ్యే సినిమాల నుంచి. బాబ్ సిమన్స్ నడిచొచ్చిన అరవై అయిదేళ్ళకి! నికీ అయితే ఎవరో ఇస్తారని ఎదురుచూడలేదు. సినిమాలు అయ్యాక లా చదివి బారిస్టర్ అయింది, 2013లో తన కథ తానే పుస్తకంగా రాసుకుంది. పోయింది 2021లో.

ఇంకొకటి కూడా మా అమ్మాయికి చూపించాను. 1975లో సాల్ట్‌జ్‌మన్ బాండ్ సినిమాల్లోంచి తప్పుకున్నప్పుడు తన వాటా అమ్ముకుని వెళ్ళాడు. 2025 ఫిబ్రవరిలో బార్బరా, మైఖేల్ బాండ్ పగ్గాలు అమెజాన్ ఎంజీఎంకి అప్పగించారు, హక్కుల్లో తమ భాగం ఉంచుకునే అప్పగించారు. నిజమైన కుటుంబం కూడా బయటివాళ్ళతో పనంటే కాగితం రాసుకుంది. మరి నిన్న పరిచయమైన స్టూడియో ఆయనకి కాగితం ఎందుకు చేదు?

మావారు చివరికి, "సరే, అడుగుదాం, కానీ మర్యాదగా" అన్నారు. మర్యాదగానే రాయించాను, దాని చేతే. సార్, మీ దగ్గర పని చేయడం నాకు చాలా ఇష్టం, మొదటి మూడు నెలలు నేర్చుకుంటాను, ఆ తర్వాత నెలకి ఎంతో చెప్పండి, రాత్రి తొమ్మిది దాటితే ఇంటికి బండి ఏర్పాటు ఉంటుందా, ఈ సినిమా తెలుగు టైటిల్స్‌లో సౌండ్ అసిస్టెంట్ల పేర్లు వేస్తారా, ఇవి ఒక మెయిల్‌లో రాసి పంపగలరా అని. మా అమ్మాయి "వాళ్ళు పిలవకపోతే నీదే బాధ్యత" అని నా మీద అలిగి, పంపింది. అది సోమవారం సాయంత్రం. ఇవాళ గురువారం. రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు. ఈలోగా అది ఇంకో రెండు స్టూడియోలకి కూడా అదే మెసేజ్ పంపిందట. నాకు చెప్పకుండా.